రెండు వేళ్ళ బేరం

ముందు ప్రమాణం చేస్తాను. ఇందులో రాసిన ప్రతి అక్షరం నిజం. కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని, ఎడమచేత్తో కాగితం ఎగిరిపోకుండా అదిమిపట్టుకుని, ఒట్టేసి చెబుతున్నాను. మరి రాస్తున్నది ఏ చేత్తో అని అడిగే చురుకైన పిల్లలు మీలో ఉంటారు. అట్లాంటివాళ్ళకి ముందే ఒక దండం.

ఈ ఒట్టు ఎందుకు పెట్టుకోవలసి వచ్చిందంటే, ధర్మవరంలో మా వీధిలో నా మాటకి పెద్ద పరపతి లేదు. మాది మగ్గాల ఇల్లు. మా నాయన నేసిన చీర అంచులో నెమలి వానమబ్బు చూసి పురి విప్పిందనీ, దాంతో అంచు జానెడు వెడల్పయి చీర మడత పడకుండా పోయిందనీ చిన్నప్పుడు ఒకసారి చెప్పాను. అప్పట్నుంచీ నేను వాన పడుతోందని చెప్పినా జనం బయటికొచ్చి చెయ్యి చాపి చూసుకుంటారు.

పోనీండి. మీరు ఫిజియోథెరపీ చదువుకుని ఇప్పుడిప్పుడే ఐసీయూల్లో అడుగుపెడుతున్న పిల్లలు. మీకు చెప్పదగ్గ సంగతి నా దగ్గర ఒకటే ఉంది. మిగతావన్నీ మీ పుస్తకాల్లో నాకంటే బాగా ఉన్నాయి.

నేను చాలా ఏళ్ళు హిందూపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేశాను. పొద్దున ధర్మవరంలో రైలెక్కడం, కిటికీలో పెనుకొండ కొండ కనపడగానే టిఫిన్ డబ్బా విప్పడం, డబ్బా కడిగి మూత పెట్టేసరికి హిందూపురంలో దిగడం. ఆ తరవాత ఆసుపత్రి చేతులు మారింది. కొత్త యజమానులు మాలాంటి పాతవాళ్ళకి శాలువాలు కప్పి మర్యాదగా ఇంటికి పంపించారు. రిటైరయ్యే వయసు నాకింకా రాలేదు, శాలువా మాత్రం ముందే వచ్చింది. ఇప్పటికీ పొద్దున రైలు కూత వినపడితే నా చెయ్యి దానంతట అదే కొక్కేనికి తగిలించిన చొక్కా మీదికి పోతుంది. అక్కడ శాలువా ఉంటుంది.

నా ఉద్యోగంలో బాగా గుర్తున్న కాలం, డాక్టరమ్మ మా ఆసుపత్రికి వచ్చిన కాలం. ఆవిడ బెంగళూరులో ఒక కాలేజీ తరఫున పీహెచ్‌డీ చేస్తోంది. ఊరు గుంటూరు వైపు. మాటకి ముందొక ‘అండీ’, వెనకొక ‘అండీ’. మహానగరం వదిలి హిందూపురం ఎందుకొచ్చారు మేడం అని అడిగితే, “అక్కడ రోగి ఇంటికెళ్ళాక మళ్ళీ దొరకడండీ. ఇక్కడ దొరుకుతాడు” అంది. మావాళ్ళ మీద అంత నమ్మకం ఉన్న మనిషిని నేను అప్పుడే చూడటం.

ఆవిడ చదువేమిటో రోగుల ఇంటివాళ్ళకి విడమరిచి చెప్పే పని నా నెత్తిన పడింది. నేను ఇట్లా చెప్పేవాణ్ణి. ఇంట్లో కట్టెలు అయిపోతే దూలాలు పీకి పొయ్యిలో పెట్టుకున్నట్టు, జబ్బు ముదిరి వెంటిలేటర్ మీద పడ్డ మనిషి ఒళ్ళు తన కండని తానే పీక్కుని కాల్చుకుంటుంది. గొట్టంలోంచి ఎంత తిండి పోసినా కరిగిపోతూనే ఉంటుంది. ఇది పాత సంగతి. డాక్టరమ్మ అడిగేది ఇంకొకటి. జబ్బు తగ్గి, మనిషి ఇంటికెళ్ళి, బాగా తిని, కట్టెలు మళ్ళీ ఇంటినిండా చేరాక కూడా సత్తువ ఎందుకు రాదు? లోపం కట్టెలదా, పొయ్యిదా? కండలో ప్రతి కణంలోనూ చిన్న చిన్న పొయ్యిలుంటాయి. మైటోకాండ్రియా అని మీరు చదివే ఉంటారు. అవి ఒకసారి చల్లారితే మళ్ళీ రాజుకోవడం లేదేమోనని ఆవిడ అనుమానం.

దాన్ని తేల్చాలంటే ఒక్కొక్క రోగి తొడ నుంచి రెండుసార్లు కండ ముక్క తీయాలి. జబ్బు మీదున్నప్పుడు ఒకసారి, ఇంటికెళ్ళి నడుస్తున్నప్పుడు ఒకసారి. ముక్కంటే హడలిపోకండి, బియ్యపుగింజకి కొంచెం పెద్దది. మత్తిచ్చి, లావుపాటి సూదితో తీస్తారు. మొదటిది దొరికి రెండోది దొరక్కపోతే మొదటిది కూడా దండగే.

తీసిన ముక్కని గడ్డకట్టించి చలిపెట్టెలో పెట్టి బెంగళూరు చేర్చే పని కూడా నాదే. పెట్టె మాత్రం పెద్ద పాలక్యాను అంత. ఒకసారి బస్సులో కండక్టరు ఆగి చూశాడు.

“ఏముండాది దాంట్లో?”

“కండ.”

“కండంటే?”

“మాంసమే అనుకో.”

“ఈ పొద్దు అమావాస్య గదప్పా! ఎంత ఉండాది?”

“బియ్యం గింజంత.”

ఆయన పెట్టె వైపు చూశాడు, మూత సందులోంచి దిగుతున్న తెల్లటి పొగ వైపు చూశాడు, నా వైపు చూశాడు. “ఇంత డబ్బాకు అంత ముక్కా? యా అంగట్లో తీసుకున్నావప్పా? నిన్ను బాగా ముంచినారు.” లగేజీ టికెట్ కొట్టకుండా ముందుకి పోయాడు, ఒకసారి మునిగినవాణ్ణి మళ్ళీ ముంచడం ఎందుకని కాబోలు. నా పక్క సీటు మాత్రం దొడ్డబళ్ళాపురం దాకా ఖాళీగానే ఉంది.

ఇక అసలు మనిషి దగ్గరికొస్తాను. ఆయనది పెనుకొండ దగ్గర ఒక పల్లె. ఎద్దుల సంతల్లో దళారి. తుప్పు పట్టిన మేకు కాలిలో దిగితే లెక్కచేయలేదు. చీము పట్టి, రక్తమంతా విషమై, మా ఐసీయూకి తెలివి లేకుండా వచ్చాడు. వెంటిలేటర్ పెట్టారు. తరవాత గొంతుకి రంధ్రం చేసి గొట్టం వేశారు. ఆయన భార్య ఒప్పుకుని సంతకం పెడితే మొదటి ముక్క తీశారు. ఆమెని నేను అత్తా అన్నాను, ఆయన్ని మామా అన్నాను. మావైపు వరస కలపకుండా రోగికి కాలు కూడా ముడవలేం.

మామకి తెలివొచ్చింది గానీ మనిషి పూర్తిగా ఈ లోకంలోకి రాలేదు. ఐసీయూలో అది మామూలే. మిషన్లు ‘టింగు టింగు’మంటుంటే ఆయన తల తిప్పి ఏదో మంద కోసం వెతికినట్టు చూసేవాడు. సరే, డాక్టరమ్మ చేతిబలం పరీక్ష మొదలుపెట్టింది. మీకు తెలిసిందే. రోగి అరచేతిలో మన రెండు వేళ్ళు పెట్టి, గట్టిగా పట్టుకోండి అంటాం. గది చలికి మామ చేతులు దుప్పటి కింద ఉన్నాయి. ఆవిడ దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి రెండు వేళ్ళిచ్చింది.

మామ పట్టుకోలేదు. ఆ రెండు వేళ్ళని పక్కకి నెట్టేశాడు.

ఆవిడ మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ నెట్టాడు. ఈసారి తడుముకుని ఆవిడవి నాలుగు వేళ్ళు పట్టుకుని ఒకసారి కదిలించి, కళ్ళు మూసుకున్నాడు.

“ఇదేంటండీ, పట్టుకోమంటే నెట్టేస్తున్నారు?”

నాకు తెలియదని ఒప్పుకునే అలవాటు నాకు ఏనాడూ లేదు. “చల్లారిన పొయ్యిలు మేడం. రెండు వేళ్ళ వేడి వాటికి ఆనడం లేదు” అన్నాను. ఆవిడ నవ్వలేదు. మర్నాడు మళ్ళీ రెండు వేళ్ళు. మామ ముఖం చిట్లించి, నాలుగు కాదని మూడు పట్టుకున్నాడు. ఆవిడ బెంగళూరులోని తన ప్రొఫెసరుకి ఫోన్ చేసింది. కొన్ని వేళ్ళని మాత్రమే పట్టుకోవడం కొత్తగా ఉంది, నరాలు పరీక్షించమన్నాడాయన. నరాల పరీక్ష చేశారు. దాంట్లోనూ సమాధానం దొరకలేదు. ఇదేదో ఇంతవరకూ ఎవరూ చూడని బలహీనతేమోనని ఆవిడ కళ్ళు మెరవడం మొదలైంది. నేనైతే దానికి మా ఊరి పేరు పెట్టించాలని కూడా అనుకున్నాను.

ఒకరోజు ఆవిడ పరీక్ష చేస్తుంటే అత్త లోపలికొచ్చింది. మంచం పక్కన నిలబడి దుప్పటి కదలికలు కాసేపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి పోయాను. నవ్వుతోంది.

“ఏమత్తా?”

“అయ్యో, ఆ పాపను రెండు వేళ్ళు ఇయ్యద్దని చెప్పు నాయనా! మీ మామ బేరం చేస్తాండాడు!”

“బేరమా?”

“ఇంగేమి? దుప్పటి కింద చెయ్యి పెట్టి రెండు వేళ్ళు ఇస్తాది. రెండుకి అడుగుతాందనుకున్నాడు. ఎట్ల ఇస్తాడు? నాలుగన్నాడు. మళ్ళా రెండే అనె. పోనీలే ఆడబిడ్డ అని మూడుకి దిగినాడు. ఇంగ యాడికి దిగమంటారు ఆయప్పను?”

సంతలో ఎద్దుల బేరం నోటితో చేయరు. దళారీ, కొనేవాడూ చేతుల మీద తువాలు కప్పుకుంటారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. చుట్టూ వందమంది నిలబడి చూసినా ఎవరికీ తెలియదు. ఎద్దుల ఇళ్ళలో పుట్టినవాళ్ళకి ఇది ఉగ్గుపాలతో వస్తుంది. మాది మగ్గాల ఇల్లు. డాక్టరమ్మది గుంటూరు.

“అంటే ఇన్నాళ్ళూ నేను ఎద్దుని బేరమాడుతున్నానా అండీ?”

“జతని మేడం” అన్నాను.

ఆవిడ నవ్విన నవ్వుకి ముఖానున్న మాస్కు గడ్డం కిందికి జారింది. నవ్వు ఆపుకుని, మళ్ళీ దుప్పటి కింద చెయ్యి పెట్టి, ఈసారి ఐదు వేళ్ళూ ఆయన అరచేతిలో పెట్టింది. మామ కళ్ళు తెరిచాడు. మూడుకి దిగినవాడికి ఐదిచ్చే మనిషిని ఆయన జన్మలో చూసి ఉండడు. పిచ్చిదా, బాగా కలిగినదా అన్నట్టు ఆవిణ్ణి పైనుంచి కిందికి చూసి, ఆలస్యం చేస్తే మనసు మార్చుకుంటుందని గబుక్కున పట్టుకున్నాడు. ఆ పట్టులో బలమెంత అంటారా? తడిగుడ్డ చేతి మీద పడ్డట్టు ఉందట. కానీ పట్టుకున్నాడు.

ఆ పొద్దు నుంచి మా పని తీరు మారిపోయింది. అత్త ఇంటి నుంచి ఆయన తువాలు తెచ్చింది. నర్సమ్మ దాన్ని ఉడికించినంత పని చేసి గానీ లోపలికి రానివ్వలేదు. కాళ్ళ వ్యాయామం అయ్యాక నేను తువాలు కప్పుకుని లేని ఎద్దులకి బేరం పెట్టేవాణ్ణి. ఆయన వేళ్ళు విదిలించేవాడు, పట్టేవాడు, విడిచేవాడు. చేతికి ఏ వ్యాయామం చెప్పినా ఒకసారి చేసి కళ్ళు మూసుకునే మనిషి, బేరానికి మాత్రం చెమట పట్టేదాకా ఆగేవాడు కాదు. ఆ లేని ఎద్దులన్నిట్లోనూ నేను మోసపోయాను.

గొంతు గొట్టం మూసి మాట తెప్పించిన రోజు, ఆయన నోట వచ్చిన మొదటి మాట అత్త పేరు కాదు, దేవుడి పేరు కాదు.

“సంతకు యా వారం పోతా?”

“ముందు లేచి నిలబడు మామా.”

“నిలబడేది ఎద్దు నిలబడల్ల. దళారి కూర్చోనే చేస్తాడు. నాకి చెయ్యి ఉంటే సాలు.”

ఆ చెయ్యే ఆయన భయం. తువాలు కింద మాటల్లేవు, కళ్ళు లేవు. నాలుగు పట్టాడో మూడు పట్టాడో అవతలివాడికి స్పష్టంగా తెలియాలి. తెలియకపోతే ధర తారుమారవుతుంది, రెండు వైపులవాళ్ళూ తగువుకొస్తారు. అట్లాంటి చేతిని సంతలో ఎవరూ నమ్మరు. ఆ తరవాత ఆ మనిషి తువాలు భుజాన వేసుకుని ఎంత తిరిగినా దాని కిందికి ఇంకొక చెయ్యి రాదు. మామ బతికాడా లేదా అన్నది మాకు ఆసుపత్రిలో తేలిపోయింది. ఆయన లెక్కలో అది సంతలో తేలాలి.

ఇంటికి పంపించాం. తరవాత డాక్టరమ్మా నేనూ చాలాసార్లు పెనుకొండ స్టేషన్లో దిగి, ఆటోలో ఆ పల్లెకి పోయేవాళ్ళం. ఆ ప్రయాణాలే ఇప్పుడు నాకు కలల్లోకి వస్తాయి. ఆవిడ కొండ వైపు చూస్తూ ఏదో ఒకటి అడిగేది, నేను ఏదో ఒకటి కల్పించి చెప్పేవాణ్ణి. కోటగోడ రాళ్ళు ఎండాకాలం ఉబ్బుతాయని, చలికాలం సందుల్లోంచి మనుషులు దూరిపోవచ్చని చెప్పాను. “నిజమేనా అండీ?” అనేది. ఆవిడకి తెలుసు కాదని. అయినా అడిగేది. అబద్ధాన్ని అంత శ్రద్ధగా వినే మనిషి దొరకడం అంత తేలిక కాదు పిల్లలూ. నాకు మళ్ళీ దొరకలేదు.

మామ ముందు కర్రతో నడిచాడు, తరవాత కర్ర పారేశాడు. తొడలు నిండాయి, బుగ్గలు వచ్చాయి. అత్త రాగిముద్ద మీద రాగిముద్ద పెట్టింది. కానీ పిడికిలి బలం కొలిచే మీటరు చేతికిస్తే ముల్లు కాస్త కదిలి ఆగిపోయేది. ఆయనకి దాన్ని చూస్తే ఒళ్ళుమంట.

“ఈ ఇనప ముక్కకేం తెలుస్తాది? ఇదేమన్నా ఎద్దు కొంటాదా?”

డాక్టరమ్మకి గడువు దగ్గరపడింది. స్కాలర్‌షిప్పు ఆగిపోయేలోపు రెండో ముక్క తీయాలి. ఆ సంగతి ఎత్తగానే మామ మొండికేశాడు.

“మొదటిది నాకు తెలీకుండా కోసుకుంటిరి. అది మీ అత్త ఇచ్చింది. రెండోది ఇయ్యల్లంటే నేనియ్యల్ల. ఊరికే ఇయ్య.”

ఆవిడ ముఖం పాలిపోయింది. “డబ్బులు ఇవ్వకూడదండీ. రూల్స్ ఒప్పుకోవు.”

“దుడ్లు ఎవరడిగినారు పాపా? ఏమే, తువాలు తే.”

ఇద్దరూ నులకమంచం మీద ఎదురెదురుగా కూర్చున్నారు. తువాలు కప్పారు. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. ఆయన ఇంటి దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నాడు. చాలాసేపటికి తువాలు ఒకసారి పైకీ కిందికీ ఊగింది. బేరం తెగింది.

“ఏం తెగింది మేడం?” అన్నాను.

“నాకేం అర్థం కాలేదండీ. చివర్లో ఆయన చెయ్యి ఊపారు. నేనూ ఊపాను.”

అత్త చెప్పింది. “నిన్ను తోడు పిల్చుకోని సంతకు పోతాడంట. ఆడ్నించి నేరుగా ఆసుపత్రికొచ్చి కాలు ఇస్తాడంట.”

“ఇంత సంగతి వేళ్ళతో ఎట్లా చెప్పాడత్తా?”

“వేళ్ళతో యాడ చెప్పినాడు? పొద్దున్నించి నోటితోనే గొణుగుతాండాడు.”

సంత రోజు వచ్చింది. మామ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, గడ్డం గీయించుకున్నాడు, భుజాన తువాలు. ఆటోలో అత్తా డాక్టరమ్మా వెనక, మామా నేనూ ముందు, హిందూపురం సంతకి చేరాం. దుమ్ము, పేడ వాసన, గజ్జెల చప్పుడు. ఆయన దిగి గాలి పీల్చిన తీరు చూస్తే, ఇన్నాళ్ళూ మేం ఆయనకి పెట్టిన ఆక్సిజనంతా నాసిరకమేమో అనిపించింది.

సంత కూడా మారింది. ఎద్దులు పలచబడ్డాయి. కుర్రవాళ్ళు ఎద్దు నోరు తెరిపించి పళ్ళకి ఫోటో తీసి ఫోన్లో పంపిస్తున్నారు. ధర కూడా ఫోన్లోనే వస్తోంది. అయినా పాతవాళ్ళు గుమిగూడారు.

“ఏమప్పా, సచ్చినావన్నారే!”

“సచ్చినా. ఆడ రేటు కుదర్లే, మళ్ళా వచ్చేస్తి.”

అందరూ పకపకా నవ్వారు. టెంపో నీడలో రాయి మీద కూర్చోబెట్టారు. నేను పక్కన కూర్చున్నాను. ఒకాయన టీ తెప్పించాడు. మామ గ్లాసుని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఒక చేత్తో అయితే వణుకుతుంది మరి. అక్కడున్న ప్రతి దళారీ ఆ రెండు చేతుల్నీ చూశాడు. చూడనట్టు మాట మార్చాడు. వానల గురించి మాట్లాడారు, పశువుల మేత గురించి మాట్లాడారు. ఒక్కొక్కరే పనుందని లేచారు. తువాలు మామ ఒళ్ళో మడత విప్పి పరిచే ఉంది.

ఎండ టెంపో చక్రం దాకా వచ్చింది. డాక్టరమ్మ దూరంగా అత్తతో నిలబడి మావైపే చూస్తోంది. రెండో ముక్క సంగతి ఆ ముఖంలో లేదు.

అప్పుడొచ్చాడు మడకశిర దళారి. మామకి పాత పోటీదారు. బానపొట్ట, బుర్రమీసం, చేతిలో హళ్ళికార్ జాతి ఎద్దుల జత పగ్గాలు. “ఏనప్పా, ఇన్నూ బదుకిద్దీయా?” అన్నాడు కన్నడంలో. ఇంకా బతికే ఉన్నావా అని. వచ్చి ఎదురుగా గొంతుకూర్చుని, తువాలు కిందికి చెయ్యి పోనిచ్చాడు.

మామ ముఖంలో ఒక్క క్షణం దీపం వెలిగింది. మరుక్షణం తువాలు లాగి అవతల పారేశాడు.

“నాకే మెత్తగా పడతాండావా? నా చెయ్యేమన్నా పసిబిడ్డ చెయ్యా? బేరానికొచ్చినావా, పరామర్శకొచ్చినావా? పట్టేదుంటే పట్టు, ల్యాకుంటే లేసి పో!”

సంతంతా ఇటు తిరిగింది. తువాలు మళ్ళీ కప్పుకున్నారు. ఈసారి అవతలివాడు గట్టిగా పట్టాడు. మామ దవడ బిగిసింది. తువాలు కింద పాములు పెనుగులాడినట్టు కదలిక. ఉన్నట్టుండి మడకశిర దళారి ‘అమ్మా!’ అని కేక పెట్టాడు. చుట్టూ చేరినవాళ్ళు ఈలలు వేశారు. జత ఎద్దులు చేతులు మారాయి. డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అటునుంచి నేరుగా ఆసుపత్రికి పోయాం. మామ బల్ల మీద పడుకుని పంచె పైకి లాక్కుని, “కొయ్యి పాపా. మాట మాటే” అన్నాడు.

ఆ ముక్కని నేనే బెంగళూరు తీసుకుపోయాను. కొన్నాళ్ళకి ఆవిడ ఫోన్ చేసింది.

“కట్టెలు నిండాయండీ. పొయ్యి రాజుకోలేదు.”

ఆవిడ అనుమానం నిజమైంది. పీహెచ్‌డీకి అంతకంటే మంచి వార్త ఉండదు. ఆ మంచి వార్త చెబుతూ ఆవిడ ఏడ్చింది. ఇద్దరం కలిసి పెనుకొండ పోయి మామకి చెప్పాం. ఆయన విని, చేతులు తిప్పి చూసుకుని, “అయితే నీ పరీక్ష పాసైనట్టేనా పాపా?” అన్నాడు. అయ్యానండీ అంది. “అది సాల్లే” అని అత్తని కాఫీ పెట్టమన్నాడు.

ఆవిడ పట్టా పుచ్చుకుని వేరే రాష్ట్రంలో ఉద్యోగానికి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆవిడ కింద పిల్లలు పీహెచ్‌డీలు చేస్తున్నారట. మొదట్లో ఫోన్లు చేసేది, తరవాత సందేశాలు, ఇప్పుడు పండక్కి ఒక పువ్వు బొమ్మ. మామ మరుసటి చలికాలం నిద్రలోనే పోయాడు. పాత జబ్బుతో కాదు. నేను పోయేసరికి అంతా అయిపోయింది. రైల్లో తిరిగొస్తుంటే కొండ వచ్చింది, పోయింది. కోటగోడ గురించి అడిగేవాళ్ళు పక్క సీట్లో లేరు.

ఇక, మొదట్లో దండం పెట్టానే, ఆ చురుకైన పిల్లలు ఈపాటికి చెయ్యెత్తి ఉంటారు. పొయ్యే రాజుకోకపోతే సంతలో ఆ పట్టు ఎక్కడిది సార్ అని. అడగండి. ఒట్టు వేసిన పాపానికి చెప్పక తప్పదు.

బస్సు కండక్టరు నిజం. దుప్పటి కింద రెండు వేళ్ళు నిజం. ఐదు వేళ్ళిచ్చిందీ నిజం. కళ్ళద్దాలు తుడుచుకున్నదీ నిజమే. నేను కల్పించింది ఒక్కటే, మడకశిర దళారిని. బానపొట్ట, బుర్రమీసం, కన్నడం, జత ఎద్దులు, ఈలలు, అన్నీ నావే. ఆ పొద్దు ఎవరూ రాలేదు. ఎండ టెంపో చక్రం దాటి మామ కాళ్ళ మీదికి వచ్చింది, అయినా రాలేదు. ఆయన పరిచిన తువాలు వైపు చూడటం ఇంక నావల్ల కాలేదు. దాని కిందికి పోయిన చెయ్యి నాది.

మెత్తగా పట్టింది నేను. పసిబిడ్డ చెయ్యా అని తిట్లు తిన్నది నేను. రెండోసారి గట్టిగా పట్టాను. ఆయన చేతిలో ఏముంది? తడిగుడ్డ కంటే నయం, అంతే. పట్టు చాలదని తెలిసినవాడు కాబట్టి నా మధ్యవేలు ఒక్కటి దొరకబుచ్చుకుని, వెనక్కి విరిచి మెలిపెట్టాడు. దళారి బుద్ధి! నేను పెట్టిన కేకకి మాత్రం సంతంతా తిరిగి చూసింది. ఆయన తువాలు దులిపి భుజాన వేసుకుని, అందరికీ వినపడేట్టు, “బేరం కుదర్లేదప్పా. ఎద్దు బాగలేదు” అన్నాడు. అక్కడ ఎద్దే లేదు. తరవాత నాకొక్కడికే వినపడేట్టు, “పా, పాప కాసుకోని ఉండాది. కాలిచ్చేసి పోదాం” అన్నాడు. మళ్ళీ ఏ సంతకీ పోలేదు.

చలి పడితే ఆ మధ్యవేలు ఇప్పటికీ సలుపుతుంది. నేను చేసిన ఉద్యోగమే అది, దానికి ఏం చేస్తే తగ్గుతుందో నాకు తెలుసు. చేసుకోలేదు.